నెల బడ్జెట్ నిలబడాలంటే ముందు ఏడాది పేజీ రాయండి

ఒకటో తారీఖున కాగితం మీద చక్కగా కుదిరి, ఇరవయ్యో తారీఖుకల్లా తల్లకిందులయ్యే బడ్జెట్లకు చాలావరకు ఒకటే జబ్బు. వాటిలో అద్దె ఉంటుంది, పాలు ఉంటాయి, కిరాణా ఉంటుంది. జూన్‌లో కట్టాల్సిన స్కూలు ఫీజు మాత్రం ఉండదు. శ్రావణంలో వరసగా పడే పెళ్లిళ్ల చదివింపులు ఉండవు. బండి ఇన్సూరెన్స్ ఉండదు. అవి వచ్చినప్పుడు "ఈ నెల అనుకోకుండా ఖర్చొచ్చింది" అంటాం. స్కూళ్లు ప్రతి జూన్‌లోనూ తెరుస్తారు, దసరా ప్రతి ఏడాదీ వస్తుంది. నిజంగా అనుకోకుండా వచ్చే ఖర్చులు మనం చెప్పుకునేంత ఎక్కువేమీ ఉండవు.

కాబట్టి రైతు బజారులో అయిదు రూపాయల బేరం తర్వాతి సంగతి. ముందు ఏడాది పేజీ రాయాలి.

ఏడాది పేజీ ఎలా రాయాలి

గోడ మీది తెలుగు క్యాలెండర్, గత పన్నెండు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ పక్కపక్కన పెట్టుకోండి. నెల నెలా పేజీ తిప్పుతూ, ఆ నెలలో మాత్రమే వచ్చే ఖర్చులు రాసుకోండి. ఏప్రిల్‌లో సొంత ఇల్లుంటే ఆస్తి పన్ను (జీహెచ్ఎంసీలోనూ, ఆంధ్రా మున్సిపాలిటీల్లోనూ ఏడాది మొత్తం ఏప్రిల్‌లోనే కట్టేస్తే 5 శాతం తగ్గింపు ఇస్తుంటారు), ఏడాదికి సరిపడా ఎండు మిరపకాయలు, చింతపండు. మేలో ఆవకాయ సరంజామా. జూన్‌లో ఫీజులు, పుస్తకాలు, యూనిఫాం, బూట్లు, స్కూలు ఆటోకి అడ్వాన్సు. శ్రావణంలో వ్రతం, పెళ్లిళ్లు. తర్వాత బతుకమ్మ చీరలు, దసరా బట్టలు, దీపావళి. జనవరిలో సంక్రాంతికి ఊరెళ్లి రావడం. ఆ వారం ప్రైవేటు బస్సు టికెట్టు మామూలు రేటుకు దొరకదు కాబట్టి ఆ రేటే రాయండి, మామూలు రోజుల రేటు కాదు.

సెల్‌ఫోన్ రీఛార్జిని కూడా ఏడాది లెక్కన చూసుకోవాలి. 28 రోజుల ప్యాకు వేయించుకునే ఇంట్లో ఏడాదికి 12 కాదు, 13 రీఛార్జిలు. మూడు ఫోన్లుంటే మూడు రీఛార్జిలు అదనం. ప్రతి కంపెనీ కనీసం ఒక 30 రోజుల ప్యాకు ఇవ్వాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన ఉంది గానీ యాప్‌లో అది ఎక్కడో అడుగున ఉంటుంది, వెతుక్కోవాలి. ఏడాది ప్యాకు రోజువారీ లెక్కన చౌక పడితే అదే మేలు.

ఒక లెక్క వేద్దాం. హైదరాబాద్‌లో అద్దెకుండే, ఇద్దరు పిల్లలున్న ఇల్లు. చేతికొచ్చే జీతం 45,000 అనుకోండి. మీ అంకెలు వేరే ఉంటాయి, పద్ధతి మాత్రం ఇదే. స్కూలు ఫీజులు 60,000. పుస్తకాలు, యూనిఫాం 12,000. ఆరోగ్య బీమా 18,000. టర్మ్ పాలసీ ప్రీమియం 10,000. బండి ఇన్సూరెన్స్ 1,500, సర్వీసింగు, టైరు 4,500. పండగలు, ఊరి ప్రయాణాలు 20,000. చదివింపులు 10,000. కారం, చింతపండు, పచ్చళ్లు 6,000. డాక్టరు, పరీక్షలు, మందులు 8,000. అంతా కలిపితే 1,50,000. పన్నెండుతో భాగిస్తే నెలకు 12,500.

అంటే ఈ ఇంటికి నెల జీతం 45,000 కాదు, 32,500. బడ్జెట్ ఈ అంకె దగ్గర మొదలవ్వాలి. అద్దె, మెయింటెనెన్స్ 13,000 పోతే 19,500. కరెంటు, గ్యాసు, నెట్టు, ఫోన్లు 3,000. పెట్రోలు 2,000. కిరాణా బియ్యంతో సహా 5,500. పాలు 1,800. కూరగాయలు, గుడ్లు, ఆదివారం చికెన్ 4,200. మిగిలేది 3,000. అందులోనే సినిమా, హోటలు, చిల్లర, చీటీ, పొదుపు. ఇది చూశాక "నెలకు పది వేలు ఎక్కడికి పోతున్నాయో తెలియట్లేదు" అనే మాట రాదు. ఎక్కడికి పోతున్నాయో ముందే రాసి ఉంది.

బీమా ప్రీమియం పాత రసీదు చూసి రాసేవాళ్లకు ఒక మాట. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు. రెన్యువల్ నోటీసు వచ్చాకే అంకె ఖాయం చేసుకోండి, ఎందుకంటే వయసు మారితే అసలు ప్రీమియం పెరుగుతుంది.

మొదటి ఏడాది తప్పేది ఇక్కడే

పన్నెండుతో భాగించడం రెండో ఏడాది నుంచి బాగా పనిచేస్తుంది. మొదటి ఏడాది పనిచేయదు. ఏప్రిల్‌లో మొదలుపెడితే జూన్ నాటికి రెండు నెలల డబ్బు 25,000 మాత్రమే జమవుతుంది. మొదటి టర్మ్ ఫీజు 20,000, పుస్తకాలు 12,000 కలిపి 32,000 కావాలి. 7,000 తక్కువ. ఇక్కడే చాలామంది క్రెడిట్ కార్డు తీసి, బడ్జెట్ మనకు సరిపడదని వదిలేస్తారు. మొదటి ఏడాది ప్రతి ఖర్చునూ దాని గడువుకు ఇంకా ఎన్ని నెలలున్నాయో ఆ సంఖ్యతో భాగించాలి. దగ్గరి నెలల్లో భారం ఎక్కువగా ఉంటుంది, తర్వాత తగ్గుతుంది. అయినా కుదరకపోతే మేలోనే స్కూలు ఆఫీసుకు వెళ్లి మొదటి టర్మ్‌ని రెండు వాయిదాలుగా కడతామని అడగండి. జూన్ రెండో వారంలో అడిగితే ఒప్పుకోవడం కష్టం.

ఆ 12,500 ఎక్కడ పెట్టాలి? రోజూ యూపీఐ కొట్టే ఖాతాలో మాత్రం కాదు. వేరే బ్యాంకులో ఒక ఖాతా, దానికి యూపీఐ కలపకుండా, కార్డు పర్సులో పెట్టకుండా ఉంచండి. మినిమం బ్యాలెన్సు అడగని ఖాతా అయితేనే, లేకపోతే దాచిన దాంట్లోంచి బ్యాంకు కోసుకుంటుంది. ఫీజుల వాటాకి మే నెలలో ముగిసేలా బ్యాంకు రికరింగ్ డిపాజిట్ పెట్టుకోవచ్చు. పోస్టాఫీసు ఆర్డీ ఈ పనికి పనికిరాదు, దాని గడువు అయిదేళ్లు. జీతం పడిన రోజే ఆ ఖాతాకు వెళ్లేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇవ్వండి. నెలాఖరున మిగిలింది వేద్దామనుకుంటే ఆ నెలాఖరు రాదు.

ఎక్కడ ఖర్చవుతుందో కనుక్కోవడం

ఖర్చుల యాప్‌లు మన దగ్గర సరిగా పనిచేయవు. కారణం సులువు. కిరాణా కొట్టు క్యూఆర్ కోడ్ కొట్టాయన పేరు మీదే ఉంటుంది, కూరగాయలామెది వాళ్లబ్బాయి పేరు మీద ఉంటుంది. యాప్ వీటన్నిటినీ "స్నేహితులకు పంపిన డబ్బు" కింద వేసేస్తుంది. కాబట్టి డబ్బు కొట్టేటప్పుడే నోట్ పెట్టే చోట ఒక్క మాట రాయండి: కూర, పాలు, మందు, టీ. నెలాఖరున యాప్‌లో స్టేట్‌మెంట్ దించుకుంటే ఆ మాటలు లెక్కకు చాలు.

పద్దులు పదికి మించి పెట్టకండి. "స్నాక్స్", "బేకరీ", "పిల్లల చిరుతిండి" అని మూడు పద్దులు పెడితే రెండో వారానికి ఏది ఎందులో రాయాలో తెలియక పుస్తకం మూసేస్తారు. చేతి డబ్బుకు "చిల్లర" అని ఒకే పద్దు చాలు. అందులో వెయ్యి రూపాయలు లెక్క తేలకపోయినా ఫర్వాలేదు. నాలుగు వేలు తేలకపోతే మాత్రం ఇంట్లో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి.

వారం డబ్బు దగ్గర ఒక చిన్న లెక్క తప్పు చాలా ఇళ్లలో కనిపిస్తుంది. పాలు, కూరలకు నెలకు 6,000 పెట్టుకుని, నాలుగు వారాలని 1,500 చొప్పున తీస్తారు. నెల 28 రోజులకు అయిపోదు కదా, 29, 30, 31 తారీఖులకు డబ్బుండదు. 6,000ని 30తో భాగిస్తే రోజుకు 200, వారానికి 1,400. నాలుగు వారాలు తీసినా చివరి రోజులకు 400 మిగులుతాయి. నెలాఖరున కార్డు మీద కూరగాయలు కొనే అలవాటు చాలావరకు ఈ 400 లేకనే మొదలవుతుంది.

యూపీఐ యాప్‌లో ఆటోపే మాండేట్లు, అంటే మన ఖాతాలోంచి డబ్బు దానంతటదే కోసుకోవడానికి మనమిచ్చిన అనుమతులు, అని ఒక చోటు ఉంటుంది. ఒకసారి తెరిచి చూడండి. ఎప్పుడో ఒక నెల ఉచితమని ఒప్పుకున్న ఓటీటీలు, పాటల యాప్‌లు, పిల్లల చదువు యాప్‌లు అక్కడ వరసగా ఉంటాయి. యాప్ ఫోన్లోంచి తీసేసినంత మాత్రాన మాండేట్ ఆగదు, దాన్ని విడిగా రద్దు చేయాలి.

కరెంటు: స్లాబు ఎక్కడ మారుతుందో అక్కడ ఆగాలి

పొదుపు విషయంలో నిజంగా తెలివి పనికొచ్చే చోటు కరెంటు బిల్లు, ముఖ్యంగా తెలంగాణలో. 2022లో సవరించిన ఇళ్ల టారిఫ్‌లో వాడకాన్ని బట్టి మూడు గుంపులున్నాయి. వంద యూనిట్ల లోపైతే మొదటి 50కి యూనిట్ 1.95, తర్వాతి 50కి 3.10. వంద దాటి రెండొందల లోపైతే మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80. రెండొందలు దాటితే మొదటి రెండొందలకూ 5.10, ఆపై మూడొందల వరకు 7.70, నాలుగొందల వరకు 9 రూపాయలు.

దీని అర్థం లెక్క వేస్తే తెలుస్తుంది. సరిగ్గా 200 యూనిట్లు కాలిస్తే కరెంటు ఛార్జీ 340, 480 కలిపి 820. 201 కాలిస్తే 1,020కి 7.70 కలిపి 1,027.70. ఒక్క యూనిట్‌కు 200 రూపాయల పైన. ఫిక్స్‌డ్ ఛార్జీల్లాంటివి దీనికి అదనం. వంద దగ్గరా ఇలాగే 90 రూపాయల పైన ఎగురుతుంది. తెల్ల రేషన్ కార్డుతో గృహజ్యోతి అందుకునే ఇంట్లో ఈ గీత ఇంకా ముఖ్యం. 200 లోపు సున్నా బిల్లు, అది దాటితే బిల్లు మొత్తం కట్టాలి.

ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఆగస్టు నుంచి ఈ గుంపులు లేవు. ఎంత కాల్చినా మొదటి 30 యూనిట్లు 1.90కే, 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75, ఆపై 9.75. సర్దుబాటు ఛార్జీలు వేరే. అక్కడ ఒక్కసారిగా ఎగరడం ఉండదు గానీ 225 దాటిన ప్రతి యూనిట్ తొమ్మిది రూపాయలకు దగ్గరలో పడుతుంది.

కాబట్టి చేయాల్సింది: రీడింగు తీసిన రోజు బిల్లు మీద ఉంటుంది. ఆ రోజు నుంచి పదిహేనో రోజున మీటరు దగ్గరకు వెళ్లి కేడబ్ల్యూహెచ్ (యూనిట్ల) అంకె ఫోటో తీయండి. అందులోంచి బిల్లు మీది రీడింగు తీసేస్తే సగం నెల వాడకం వస్తుంది. 100కి దగ్గరగా ఉంటే సరే. 115 ఉంటే మిగిలిన పదిహేను రోజుల్లో 30 యూనిట్లు తగ్గించాలి. తగ్గించగలిగేవి రెండే, వేడి చేసేవి, చల్లబరిచేవి. 2,000 వాట్ల గీజరు అరగంట వెలిగితే ఒక యూనిట్. అందరూ ఒకరి తర్వాత ఒకరు స్నానం చేస్తే ఒకసారి వేస్తే సరిపోతుంది. పొద్దున్నొకసారి, ఎనిమిదికొకసారి, పదికొకసారి వేస్తే మూడుసార్లు చల్లటి నీళ్ల దగ్గర్నుంచి మొదలు. ఏసీలో డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా కరెంటు మిగులుతుందని ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ చెబుతుంది. 26లో పెట్టి ఫ్యాను రెండులో తిప్పితే 22 లాగే నిద్ర పడుతుంది. లైట్ల గురించి పిల్లలను తిట్టడం వల్ల ఒరిగేది తక్కువ. తొమ్మిది వాట్ల ఎల్ఈడీ రాత్రంతా వెలిగినా పదో వంతు యూనిట్.

ఫ్యాన్ల సంగతి వేరు, ఇక్కడ కొంచెం ఆగాలి. మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్లు. రోజుకు 15 గంటలు తిరిగితే 1.1 యూనిట్. మూడు ఫ్యాన్లు నెలకు వంద యూనిట్లు తింటాయి. తక్కువ కరెంటు తీసుకునే మోటారుతో వచ్చే బీఎల్‌డీసీ ఫ్యాను అదే గాలికి 30 వాట్ల దగ్గర తీసుకుంటుంది. ఒక్కో దాని మీద నెలకు 20, మూడింటి మీద 60 యూనిట్లు మిగులు. తెలంగాణలో నెలకు 240 కాల్చే ఇంట్లో ఛార్జీ 1,328. అది 180కి దిగితే 724. నెలకు 604 మిగిలింది. ఆంధ్రాలో అదే 240 నుంచి 180కి దిగితే 1,148 నుంచి 747కి, అంటే 401. ఫ్యాను 2,800 చొప్పున మూడు కొంటే 8,400. చలికాలంలో ఫ్యాన్లు తిరగవు కాబట్టి తెలంగాణ ఇంటికి ఏడాదిన్నరలో, ఆంధ్రా ఇంటికి రెండేళ్లకు అటూ ఇటూగా డబ్బు తిరిగొస్తుంది. కానీ 150 యూనిట్లే కాల్చే ఇంటికి ఈ లెక్క వర్తించదు. అక్కడ ఫ్యాను పాడైనప్పుడు మార్చుకుంటే చాలు, పనిచేసేదాన్ని తీసేయక్కర్లేదు. ఒక జాగ్రత్త: చాలా బీఎల్‌డీసీ ఫ్యాన్లకు గోడ మీది పాత రెగ్యులేటరు తీసేయించాలి. స్పీడు రిమోట్‌తోనే మార్చాలి. రెగ్యులేటరు ఉంచితే ఫ్యాను సరిగా తిరగకపోవచ్చు, బోర్డు పాడవ్వచ్చు.

గ్యాసు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. సిలిండరు మీద ఖాళీ బరువు రాసి ఉంటుంది. దానికి 14.2 కిలోలు కలపండి. 15.3 అని ఉంటే మొత్తం 29.5 తూగాలి. డెలివరీ అబ్బాయి దగ్గర తూకం ఉండాలి, అడిగి తూయించుకోండి. పెట్టిన తారీఖు క్యాలెండరు మీద రాస్తే ఎన్ని రోజులొచ్చిందో తెలుస్తుంది. నలభై రోజులొచ్చేది ఒక్కసారిగా ముప్పైకి పడితే ముందు పైపు, రెగ్యులేటరు దగ్గర సబ్బు నురగ రాసి లీకు చూడండి. మంట పసుపుగా ఉంటే బర్నరు రంధ్రాలు మూసుకున్నట్టే. పప్పు అరగంట నానబెట్టి, మొదటి విజిలు రాగానే మంట సిమ్‌లో పెడితే చాలు. రాయితీలు అందుతున్నాయో లేదో కూడా చూసుకోండి: తెలంగాణలో మహాలక్ష్మి కింద 500కి సిలిండరు, ఆంధ్రాలో దీపం-2 కింద ఏడాదికి మూడు ఉచితం. అర్హత ఉండి రాకపోతే చాలాసార్లు ఆధార్, బ్యాంకు ఖాతా లింకు దగ్గరే ఆగి ఉంటుంది.

కిరాణా, కూరలు

నలుగురికి నెల సరుకుల చీటీ ఆకలిని బట్టి కాదు, వాడకాన్ని బట్టి రాయాలి. ఒకసారి అన్ని డబ్బాలూ నింపి తారీఖు రాసి, ఖాళీ అయిన రోజు చూస్తే సొంత లెక్క వస్తుంది. మొదలుపెట్టడానికి ఒక అంచనా: 26 కిలోల బియ్యం బస్తా ఒకటి, కందిపప్పు 3 కిలోలు, మినప్పప్పు 2, పెసరపప్పు, శనగపప్పు అర కిలో చొప్పున, పంచదార 2, చింతపండు అర కిలో, నూనె 3 నుంచి 4 లీటర్లు. మనిషికి రోజుకు పాతిక గ్రాముల నూనె అనుకుంటే నలుగురికి నెలకు 3 కిలోలు, అంటే 3.3 లీటర్లు. ఆరు లీటర్లు అవుతుంటే డబ్బు ఒక్కటే కాదు సమస్య.

బస్తా 25 కాకుండా 26 కిలోలు ఎందుకు వస్తోందంటే, 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వచ్చింది. మిల్లులు కిలో పెంచి ఆ గీత దాటాయి. కాబట్టి అయిదు, పది కిలోల సంచుల్లో అదే బియ్యం కొంటే పన్నూ పడుతుంది, కిలో రేటూ ఎక్కువ. కొత్త బియ్యం చౌక గానీ ముద్దవుతుంది, ఎసరు తక్కువ పెట్టాలి. పాతవి బాగా ఒదుగుతాయి, అదే గిన్నెడు బియ్యానికి అన్నం ఎక్కువ. కిలోకి అయిదారు రూపాయల తేడా వరకు పాతవే లాభం. అంతకంటే ఎక్కువైతే ఖరీఫ్ పంట వచ్చాక జనవరిలో రెండు బస్తాలు కొని ఇంట్లోనే మాగబెట్టుకోవచ్చు. తెలంగాణలో రేషన్ కార్డుంటే 2025 ఉగాది నుంచి మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. నలుగురికి 24 కిలోలు. పాత అలవాటుకొద్దీ దాన్ని వదిలేసి బయట బస్తా కొనడంలో అర్థం లేదు.

నూనె ప్యాకెట్లు చూసి కొనాలి. లీటరు నూనె 910 గ్రాములు తూగుతుంది. అదే సైజులో కనిపించే ప్యాకెట్లలో కొన్ని 850, కొన్ని 800 గ్రాములే ఉంటాయి. రేటు తక్కువగా కనిపించడానికి కారణం అదే. ప్యాకెట్ మీద ఎమ్మార్పీ పక్కనే గ్రాముకో మిల్లీలీటరుకో ఎంత పడుతుందో ముద్రించాలన్న నిబంధన ఉంది. పొడులు, సబ్బులు, బిస్కెట్లు అన్నిటికీ ఆ చిన్న అంకెనే పోల్చండి. పెద్ద ప్యాకు ఎప్పుడూ చౌక అనుకోవడం తప్పు. షాంపూ, టీ పొడి లాంటివి చిన్న సాచెట్లలోనే చౌకపడటం మామూలే.

ఏడాది సరుకులకు కాలం ముఖ్యం. గుంటూరు, ఖమ్మం, వరంగల్ యార్డులకు కొత్త మిర్చి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా దిగుతుంది. కొనాల్సింది అప్పుడే. తొడిమలు, తాలు కాయలు పోగా బరువు తగ్గుతుంది కాబట్టి కావలసిన కారం కంటే కాస్త ఎక్కువ కాయ తీసుకోండి. ఘాటుకు తేజ, రంగుకు ముడత రకం కలిపి పట్టిస్తారు. గలగలమనే దాకా ఎండకపోతే వానాకాలంలో కారం ముక్కిపోయి ఏడాది డబ్బు వృథా. కందిపప్పు కొత్త పంట జనవరి నుంచి మార్చిలోపు వస్తుంది. ఆరు నెలలకు కొంటే ఎండబెట్టి, చల్లారాక కిలోకి ఒక చెంచా ఆముదం పట్టించి డబ్బాలో పోయండి. వేడి మీద పోస్తే తడి పట్టి బూజు, ఆముదం లేకపోతే పురుగు. చిన్న ఫ్లాట్‌లో ఎండ తగిలే బాల్కనీ లేనివాళ్లు ఈ జోలికి పోకుండా రెండు నెలలకోసారి కొనుక్కోవడమే మంచిది.

కూరగాయలకు రైతు బజార్లు 1999 జనవరి 26న మొదలైనప్పటి నుంచీ ఉన్న సౌకర్యం ధరల బోర్డు. ఎర్రగడ్డ, మెహిదీపట్నం, కూకట్‌పల్లి, విశాఖలో ఎంవీపీ కాలనీ, ఎక్కడైనా లోపలికి అడుగుపెట్టేముందు ఆ బోర్డు ఫోటో తీసుకోండి. ఆ వారమంతా వీధి బండి దగ్గర బేరానికి అదే ఆధారం. అయితే పావు కిలో పచ్చిమిర్చికి మూడు కిలోమీటర్లు బండి మీద వెళితే పెట్రోలుకే సరి. వారానికోసారి, దుంపలు, ఉల్లి, దోస, సొర లాంటి నిలవుండేవి అక్కడ, ఆకుకూరలు వీధిలో.

టమాటా జూన్ నుంచి ఆగస్టు మధ్య తరచూ మండుతుంది. 2023 జూలైలో కిలో వంద దాటింది. అప్పుడు కూరకు కావలసింది టమాటా కాదు, పులుపు. గోంగూర, చింతచిగురు, పచ్చి చింతకాయ తొక్కు, మామిడి ఒరుగులు అందుకే ఉన్నాయి. ఏప్రిల్‌లో కాసిన్ని పుల్లమామిడి ముక్కలు ఉప్పుతో ఎండబెడితే ఆ మూడు నెలల పప్పుకు చాలు.

పాలల్లో వెన్న శాతాన్ని బట్టి ధర. డబుల్ టోన్డ్‌లో 1.5, టోన్డ్‌లో 3, స్టాండర్డ్‌లో 4.5, ఫుల్ క్రీమ్‌లో 6 శాతం. కాఫీకి, చిన్నపిల్లలకు చిక్కటివి ఉంచి, పెరుగుకు తోడుపెట్టేవి టోన్డ్ చేస్తే లీటరు దగ్గర కనిపించే తేడా వస్తుంది. పిల్లల పాలు పలచన చేసి మిగిల్చుకోవడం పొదుపు కాదు.

సరుకులు పది నిమిషాల్లో తెచ్చే యాప్‌ల వల్ల నష్టం డెలివరీ ఛార్జీ కాదు. ఉచిత డెలివరీ గీతను అందుకోవడానికి కొత్తిమీర కట్ట పక్కన చేరే చిప్సు, ఐస్‌క్రీం. యాప్‌లో గత నెల ఆర్డర్లు తెరిచి, చీటీలో లేనివి మాత్రం కూడండి.

అప్పు ఉంటే లెక్క మారుతుంది

ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. మూడు రూపాయలైతే 36. క్రెడిట్ కార్డు బాకీ నెలకు మూడున్నర శాతం దగ్గర, అంటే 42, పైన వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ. 50,000 బిల్లుకు కనీస మొత్తం 2,500 కట్టి ఊపిరి పీల్చుకుంటే, మిగిలిన 47,500 మీద నెలకు 1,660 వడ్డీ, 300 పన్ను. కట్టిన 2,500లో ఎక్కువ భాగం అక్కడికే పోయింది. పైగా బాకీ ఉన్నంతకాలం కొత్తగా గీకిన వాటికి కూడా వడ్డీ లేని రోజులు ఉండవు. ఇలాంటిది ఉంటే పొదుపు ఖాతా కట్టిపెట్టి ముందు దీన్ని తీర్చాలి. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో తాకట్టు పెట్టి కార్డు బాకీ తీర్చేయడం దాదాపు ఎప్పుడూ చౌకే. షరతు ఒక్కటే, ఆ బంగారం విడిపించే నెల వాయిదాను కూడా ఏడాది పేజీలో రాయాలి. రాయకపోతే వేలం నోటీసు వస్తుంది.

చీటీ కడుతుంటే మొత్తం వాయిదానే ఖర్చులో వేయండి. పాటలో తగ్గింపు వచ్చిన నెల ఆ మిగులు వస్తుంది గానీ, ముందే నమ్ముకోకూడదు. రిజిస్టర్ కాని చీటీల సంగతి అసలు లెక్కలోకే రాకూడదు.

అప్పటికీ కుదరకపోతే

అన్నీ రాశాక కూడా నెలకు రెండు వేలు తక్కువ పడితే కోసే వరస ముఖ్యం. ముందు ఆటోపేలు, ఆ తర్వాత బయటి తిండి, ఆ తర్వాత బండి. ఆఫీసుకు బస్సు మార్గం ఉంటే నెల పాసు ధర, నెల పెట్రోలు పక్కపక్కన రాసి చూడండి. మహిళలకైతే తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి, ఆంధ్రాలో 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ లాంటి బస్సుల్లో ప్రయాణం ఉచితం, ఆధార్ వెంట ఉండాలి. నీళ్ల బిల్లు కూడా చూడండి. హైదరాబాద్‌లో ఇంటికి నెలకు 20,000 లీటర్ల వరకు ఉచితం, కాకపోతే పనిచేసే మీటరు, ఆధార్ అనుసంధానం ఉండాలి. అపార్ట్‌మెంట్లలో ఇది జరగక ఆ భారం మెయింటెనెన్స్‌లో కలిసి వస్తుంటుంది. సొసైటీ మీటింగులో అడగాల్సిన ప్రశ్న ఇదే.

ఆరోగ్య బీమా ఆపడం మాత్రం ఈ వరసలో లేదు. ఆపిన తర్వాత మళ్లీ తీసుకుంటే పాత జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ మొదటి నుంచి మొదలవుతుంది.

చివరగా అద్దె. రెండు వేలు తక్కువ అద్దెకు ఇల్లు దొరికిందని వెంటనే సామాను సర్దకండి. డీసీఎంకి, హమాలీలకు ఆరేడు వేలు, పాత ఇంటాయన రంగులకని అడ్వాన్సులో పట్టుకునే ఒక నెల అద్దె 13,000, నెట్టు, ఏసీ విప్పి బిగించడానికి రెండు వేలు. 22,000 దాకా అయ్యింది. నెలకు రెండు వేల చొప్పున అది తిరిగి రావడానికి పదకొండు నెలలు. కొత్త ఇల్లు స్కూలుకు దూరమై ఆటోకి నెలకు 800 పెరిగితే మిగిలేది 1,200, అప్పుడు పద్దెనిమిది నెలలు పైనే. అగ్రిమెంటు పదకొండు నెలలకే కాబట్టి, ఆ గడువు తర్వాత అద్దె ఎంత పెంచుతారో సంతకానికి ముందే రాయించుకుంటేనే ఈ లెక్కకు విలువ.